ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ గారికి బహిరంగ విన్నపం

అయ్యా ప్రెజెంట్ పర్ఫెక్ట్ గారూ,

ఇంగ్లిష్ గ్రామర్‌లో కాపురముంటూ, పేరులో ప్రెజెంట్ పెట్టుకుని ఎప్పుడూ జరిగిపోయిన సంగతులే మాట్లాడే మీకు నమస్కారం. ఆ పర్ఫెక్ట్ అనే బిరుదు ఎవరు సన్మానం చేసి ఇచ్చారో తర్వాత చూద్దాం.

మా ఇళ్లలో అన్నం తిన్నావా అంటే తిన్నాను అంటాం, అయిపోయింది. పొద్దునెప్పుడో తిన్నా తిన్నానే, ఇప్పుడే చెయ్యి కడుక్కుని వచ్చినా తిన్నానే. మీ దగ్గర అలా కుదరదు. ఎప్పుడు తిన్నామో చెప్పకుండా, ఇప్పుడు ఆకలి లేదని మాత్రం తెలిసేలా ‘ఐ హ్యావ్ ఈటెన్’ అనాలి. పొరపాటున ‘ఎట్ వన్ ఓ క్లాక్’ అని నోరు జారితే మీరు చెప్పులేసుకుని వెళ్లిపోతారు, మీ సీట్లో ‘ఐ ఏట్’ వచ్చి కూర్చుంటుంది. టైం అడిగితే పారిపోయే పెద్దమనిషిని మిమ్మల్నే చూస్తున్నాం. దీన్ని మాకు అర్థమయ్యేలా చెప్తున్నామని గైడ్ల వాళ్లు ‘నేను భోజనము చేసియున్నాను’ అని రాస్తారు, అలా మాట్లాడితే ఇంట్లో వాళ్లు జ్వరం చూస్తారు.

అమీర్‌పేటలో ఏ కోచింగ్ సెంటర్ మెట్ల మీద నిలబడినా ఒక వాక్యం వినపడుతుంది: ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019’. సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో అది స్తోత్రంలా స్థిరపడిపోయింది. తీరా చూస్తే తప్పట! సంవత్సరం తీసేస్తే రైటు, హ్యావ్ తీసేసినా రైటు, రెండూ ఉంటేనే తప్పు. పాపం ఆ పిల్లలు హ్యావ్ ఎందుకు తగిలిస్తారు? ఉత్త ‘కంప్లీటెడ్’ అంటే బోసిగా ఉంటుందని, మీరు పక్కనుంటే నాలుగు ముక్కలు చదువుకున్నట్టు కనిపిస్తుందని. అంత గౌరవించిన వాళ్లనే ఇంటర్వ్యూలో పట్టిస్తారు మీరు.

ఇక ఎవరెక్కడ కూర్చోవాలన్న గొడవ. మా క్రియ చివర్న నిమ్మళంగా ఉంటుంది, మిగతా మాటలు ముందు ఎలా సర్దుకున్నా పట్టించుకోదు. ‘నిన్న బెజవాడలో మామయ్యను చూశాను’ అన్నా, ‘మామయ్యను నిన్న బెజవాడలో చూశాను’ అన్నా గొడవ లేదు. ప్రశ్న కావాలా, చివర్న ఓ దీర్ఘం. మీకేమో హ్యావ్ ఒకచోట, అసలు పని ఇంకోచోట, మధ్యలో ఆల్రెడీ, చివర్న యెట్. ప్రశ్న అడిగితే హ్యావ్ లేచొచ్చి కర్త ముందు నిలబడాలి, అది కూడా ఆయనా ఆవిడా అయితే హ్యాజ్‌గా వేషం మార్చుకుని!

‘హి హ్యాజ్ గాన్ టు తిరుపతి’ అంటే మనిషి ఇంకా రాలేదు, ‘హి హ్యాజ్ బీన్’ అంటే లడ్డూ కూడా పంచేశాడు. ఇది మాత్రం బాగుంది, మా వెళ్లాడు, వెళ్లొచ్చాడు లాగే ఉంది. ఇంత తెలివున్నవారు, ఎప్పట్నుంచో చెప్పాలంటే సిన్స్, ఎన్నాళ్లుగానో చెప్పాలంటే ఫర్ అని విడదీసి ఎందుకండీ ఏడిపిస్తారు? మా ‘నుంచి’ చూడండి, మూడేళ్ల నుంచి అన్నా 2021 నుంచి అన్నా ఒక్కతే మోస్తుంది, నోరెత్తదు.

ఇంతా చేసి, బ్యాంకు లోను పెట్టి డాలస్ వెళ్లిన మా కుర్రాళ్లను అక్కడి రూమ్మేట్ ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అంటాడు. మీరెక్కడండీ? లండన్‌లో అయితే ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ అంటూ వచ్చేవారట. వీసా రాలేదా?

కాబట్టి మా బీటెక్ వాక్యాన్ని ఉన్నదున్నట్టు పాస్ చేసేయండి. మీ పరువుకొచ్చిన నష్టమేం లేదు, ఎటూ దేశం మొత్తం అలాగే మాట్లాడుతోంది.

ఇట్లు,
చాలా ఏళ్ల నుంచి స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకుంటున్న ఒకడు
(ఇక్కడ మీరు సరిపోరట, పర్ఫెక్ట్ కంటిన్యూయస్ గారు రావాలట. వారికి వేరే లేఖ రాస్తాను.)