సర్క్యులర్ సూదిపై ఒక సర్క్యులర్

33 ఏళ్ళు ప్రభుత్వ కొలువు చేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. నాకు తెలిసిన సర్క్యులర్ ఒక్కటే. అది పైనుంచి దిగుతుంది, టేబులు టేబులూ తిరుగుతుంది. చదవనివాళ్ళందరూ చదివినట్టు సంతకాలు పెడతారు. ఆఖరికి బయల్దేరిన చోటికే వచ్చి ఫైల్లో పడుకుంటుంది. దానివల్ల ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడిన దాఖలాలు లేవు.

అలాంటి నాకు మినియాపొలిస్‌లో, బయట మైనస్ 20 డిగ్రీలున్న ఒక జనవరి పొద్దున, మా అమ్మాయి ఊలు ఉండా, ఒక వింత సూదీ చేతిలో పెట్టి, "ఇది సర్క్యులర్ నాన్నా. దీంతో నీ మనవడికి టోపీ అల్లు. నీకూ టైంపాస్" అంది.

చూస్తే రెండు పొట్టి సూదులు, వాటిని కలుపుతూ జానెడు మెత్తటి తీగ. స్కిప్పింగ్ తాడు పిల్లని పెడితే ఇలాగే ఉంటుందనిపించింది. ఈ కొస నుంచి ఆ కొసకి 40 సెంటీమీటర్లు. టోపీలకి అదే కొలత, స్వెట్టర్లకి 60, 80 కూడా ఉంటాయట. 80 కుట్లు ఎక్కించి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి కలిపేస్తే, ఇక గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే. అతుకు అనేది ఉండదు. కలిపేటప్పుడు ఏదో చూసుకోమని అమ్మాయి జాగ్రత్త చెప్పింది. సర్వీసులో ఉన్నప్పటి అలవాటు చొప్పున "నోటెడ్" అన్నాను.

ఇక ఈ సూది ఇచ్చే సుఖం గురించి బాధ్యతాయుతంగా మనవి చేస్తున్నాను. మామూలు జత సూదులతో అల్లితే వరుస కాగానే అల్లికని తిప్పాలి. తిప్పితే ఎదురయ్యేది వెనక పక్క, అంతా బుడిపెలు. ఆ పక్క పర్ల్ వేయాలి, అంటే ఊలు ముందుకు తెచ్చుకుని సూదిని ఎదురు గుచ్చాలి. గుండ్రటి అల్లికలో ఆ గొడవే లేదు. ఎన్ని చుట్లు తిరిగినా కళ్ళెదుట ఉండేది నున్నటి మంచి పక్కే. బుడిపెలన్నీ లోపల చీకట్లో ఉంటాయి, ఎవరు పెట్టుకుంటే వాళ్ళ తలకే తగులుతాయి. సమీక్షా సమావేశాలు పెట్టేవాళ్ళు ఈ పద్ధతిని ఎప్పుడో కనిపెట్టారని నా అనుమానం. నేను కూర్చున్న ఏ సమీక్షలోనూ పనిని తిప్పి వెనక పక్క చూపించిన పాపాన ఎవరూ పోలేదు.

పైగా సూది చేజారి సోఫా కిందికి దొర్లిపోదు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచే పని లేదు. బరువంతా ఒళ్ళో పడుకుని ఉంటుంది, పిల్లిలా.

అయితే ఇందులో ఒక రహస్యముంది. గుండ్రం అంటారు గానీ నిజానికి ఆ చుట్టు ఎప్పుడూ మూసుకోదు. ప్రతి చుట్టూ కిందటి చుట్టు మీదికెక్కి, స్ప్రింగులా సాగిపోతుంది. ఒకే రంగైతే ఎవరికీ తెలియదు. రంగు మార్చారో, దొరికిపోతారు. కొత్త రంగు చుట్టు మొదలూ చివరా కలవవు, ఒక కుట్టు ఎత్తున మెట్టు పడుతుంది. పాత పథకానికి కొత్త పేరు పెట్టిన రోజున పాత లబ్ధిదారు తడుముకునేది ఈ మెట్టు దగ్గరే. అల్లేవాళ్ళు గడుసువాళ్ళు, ఆ చోటు మెడ వెనక్కి వచ్చేలా టోపీ పెట్టుకుంటారు. చుట్టు ఎక్కడ మొదలైందో మర్చిపోకుండా సూదికి రింగు తగిలించమంది అమ్మాయి. నేను జెమ్ క్లిప్పు తగిలించాను. టోపీ అయినా ఫైలు ఫైలే.

ఈ మార్గానికి అమెరికాలో గురువు ఎలిజబెత్ జిమ్మర్‌మన్. ఇంగ్లండులో పుట్టి, మా అమ్మాయి ఉండే మిన్నెసోటాకి పక్క రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో స్థిరపడ్డావిడ. స్వెట్టరుని కూడా గొట్టంలా, గుండ్రంగానే అల్లమని 1960ల్లో టీవీలో సైతం నేర్పింది. మరి ముందువైపు గుండీలు కావాలంటే? అల్లడం పూర్తయ్యాక గొట్టాన్ని నిట్టనిలువునా కత్తెరతో కోసెయ్యడమే! నార్వేలో, షెట్లాండ్ దీవుల్లో ఇది పాత విద్యే. షెట్లాండ్ ఊలుకి నూగెక్కువ, పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గనక కోసినా అంత తొందరగా ఊడదు. నున్నటి ఊలైతే మాత్రం కోసే గీతకి అటూ ఇటూ ముందే గట్టిగా కుట్టు వేసుకోవాలి. ఆ తర్వాతే కత్తెర. 2014కి ముందు ఈ వరస ఎవరైనా ఢిల్లీ చెవిన వేసి ఉంటే... పోనీలెండి, ఇది రెండు పక్కలవాళ్ళూ చదువుతారు.

మా ఆవిడది నరసాపురం పక్క ఊరు. మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిపోయిన లేసు పని వాళ్ళింట్లో మూడు తరాలుగా ఉంది. నా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "ఏవండీ, మా అమ్మ అరుగు మీద కూచుని ఒక్క కొక్కెంతో, నడిమధ్య నుంచి గుండ్రంగా అల్లుకుంటూ టేబులు గుడ్డలు తీసేది. ఏజెంటొచ్చి డజన్ల లెక్కన పట్టుకుపోయేవాడు. ఏనాడూ ఇన్ని కబుర్లు చెప్పలేదు" అంది.

"చెప్పుకోవాలి మరి. చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"చెప్పుకుంటే ఏజెంటు ఇంకో రూపాయి ఇస్తాడా? అయినా 2024లో మా లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. మీ టోపీకేం వచ్చింది?"

మెలిక వచ్చింది.

అప్పటికి 11 చుట్లయ్యాయి. నేను నోటెడ్ అన్న జాగ్రత్త ఇదేనట. కలిపే ముందు 80 కుట్లూ ఒకే వైపు తిరిగి ఉన్నాయా, తీగ చుట్టూ ఎక్కడైనా మెలిపడ్డాయా చూసుకోవాలి. మొదటి చుట్టులోనే పట్టుకుంటే సర్దుకోవచ్చు. దాటిపోతే ఎన్ని చుట్లు వేసినా మెలిక మెలికే. ఇన్నాళ్ళూ లోపల దాచిన బుడిపెలన్నీ అక్కడ బయటికొచ్చి నన్ను పలకరిస్తున్నాయి. మొత్తం విప్పడం తప్ప మందు లేదంది అమ్మాయి. విషయాన్ని సబ్ కమిటీకి నివేదిద్దామన్న నా ప్రతిపాదన వీగిపోయింది.

"లాగండి, నేను చుడతాను" అని మా ఆవిడ ఎదురుగా కూచుంది. నేను లాగుతున్నాను, ఆవిడ ఉండ చుడుతోంది. బయట మంచు పడుతోంది. స్కూలు నుంచి మనవడు వచ్చాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి.

"తాతయ్యా, నా టోపీ ఏదీ?"

"పరిశీలనలో ఉందిరా" అన్నాను.