రాబ్ బరో గురించి రాసేటప్పుడు ముందు ఆట రాయండి

ఇంగ్లండ్ రగ్బీ లీగ్ ఆటగాడు రాబ్ బరో పేరు వస్తే చాలు, అందరూ పెట్టేది ఒకటే ఫొటో. 2023 మేలో లీడ్స్ మారథాన్‌లో అతని పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ అతన్ని చక్రాల కుర్చీలోంచి ఎత్తుకుని చివరి గీత దాటించిన ఫొటో. కళ్ళు చెమర్చని వాళ్ళుండరు. అందులో తప్పేమీ లేదు. ఇంకో ఫొటోయే లేనట్టు ప్రవర్తించడమే నాకు ఒళ్ళు మండే విషయం.

కండరాల్ని నడిపించే నరాల్ని తినేసే జబ్బు, మోటార్ న్యూరాన్ డిసీజ్, బయటపడింది 2019 డిసెంబరులో. 2024 జూన్‌లో, 41 ఏళ్ళకే పోయాడు. జబ్బుతో గడిపింది ఓ నాలుగున్నరేళ్ళు. ఆడింది 2001 నుంచి 2017 దాకా, ఒకే క్లబ్‌కి, లీడ్స్ రైనోస్‌కి, 492 మ్యాచ్‌లు. అక్కడి రగ్బీ లీగ్‌లో అత్యున్నత పోటీ అయిన సూపర్ లీగ్‌లో ఎనిమిది టైటిళ్ళు. మరి మనం దేని గురించి ఎక్కువ మాట్లాడుతున్నాం?

మనవాళ్ళకి హెడింగ్లీ అంటే క్రికెట్. ఆ గ్రౌండ్‌ని ఆనుకునే లీడ్స్ రైనోస్ రగ్బీ గ్రౌండ్ ఉంది, రెండింటికీ మధ్య స్టాండ్ ఒకటే. టెస్టులు చూస్తూ మనం వీపు తిప్పుకున్న వైపే ఇతను ఆడాడన్నమాట.

మనిషి ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. ఎదురుగా వచ్చేవాళ్ళు ఫార్వర్డ్‌లనే భారీకాయులు, వంద కిలోలు దాటినవాళ్ళు. 'అంత పొట్టివాడైనా ఎంత గుండె ధైర్యమో' అని తెగ మెచ్చుకుంటారు. ఆ 'అయినా' దగ్గరే నాకు పేచీ. సూపర్ లీగ్ టైటిల్ తేల్చే మ్యాచ్, 2011 గ్రాండ్ ఫైనల్ చూడండి. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సెయింట్ హెలెన్స్ మీద. లీగ్‌లో అయిదో స్థానంలో నిలిచి అక్కడిదాకా వచ్చింది లీడ్స్. బరో ఆ రోజు బెంచ్ మీద నుంచి దిగాడు. టాకిల్ అయినవాడు, అంటే ఎదుటివాళ్ళు పట్టి పడేసిన తోటి ఆటగాడు, కాలితో వెనక్కి దొర్లించిన బంతి అందుకున్నాడు. అక్కడ మామూలుగా ఎవరైనా పాస్ ఇస్తారు. ఇతను పరిగెత్తాడు. మీదపడబోయిన చేతుల కింద నుంచి, కబడ్డీలో రైడర్ డుబ్కీ కొట్టినట్టు, వంగి దూరిపోయాడు. లేచేసరికి ముందు ఆఖరి కాపలాదారు ఫుల్‌బ్యాక్ ఒక్కడే. ఓ సైడ్‌స్టెప్ వేసి అతన్నీ తప్పించుకుని ట్రై చేశాడు, అంటే గీత దాటి బంతిని నేలకి ఆనించాడు. ఆరడుగుల మనిషి ఆ సందులో పట్టడు! పొట్టితనం అతనికి అడ్డం కాదు, ఆయుధం. 'పాపం' అనాలనిపిస్తే ఆ రాత్రి ఆ ఫుల్‌బ్యాక్‌ని అనండి.

లీడ్స్ 32-16తో గెలిచింది. ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే హ్యారీ సండర్లండ్ ట్రోఫీ ఏకగ్రీవంగా అతనికే. 2007లోనూ అతనిదే. ఒకసారి గెలవడమే చాలామందికి జీవితకాలపు కల.

సిన్‌ఫీల్డ్ పరుగులు చిన్న పనేం కాదు. ఏడు రోజుల్లో ఏడు మారథాన్‌లు పరిగెత్తాడు, ఆ జబ్బు బాధితుల కోసం లక్షల పౌండ్లు పోగయ్యాయి. ఆ గౌరవం ఆయనకి దక్కాల్సిందే. కానీ వీల్‌చెయిర్‌లో కూర్చుంటే తప్ప రగ్బీ లీగ్ ఆటగాడు బయటి ప్రపంచానికి కనబడడా? ఉత్తర ఇంగ్లండ్ దాటితే ఆ ఆటని పట్టించుకునేవాళ్ళే తక్కువ, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు పేరు తెలిసిన ఆ ఒక్కడి ఆటైనా చెప్పుకోవద్దా?

అతని చివరి మ్యాచ్ 2017 గ్రాండ్ ఫైనల్. ఎదుటి జట్టు అతను పెరిగిన ఊరు కాజిల్‌ఫర్డ్‌దే. 24-6తో వాళ్ళని ఓడించి, కప్పుతో రిటైరయ్యాడు. నేను చదివిన సంతాప పోస్టుల్లో ఒక్కదాంట్లోనూ ఈ ముక్క లేదు.