నాలుగు పీసీలకు నెట్‌వేర్ ఎందుకు?
డాస్ (విండోస్‌కు ముందు పీసీలను నడిపిన సాఫ్ట్‌వేర్) కాలపు పీసీల మధ్య ఫైళ్లు పంచుకోవడానికి నోవెల్ కంపెనీ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నెట్‌వేరే సరైనదని, మిగతావన్నీ ఆటబొమ్మలని ఒక వ్యాసంలో రాశారు. ముప్ఫై నలభై మంది పనిచేసే ఆఫీసుకైతే ఒప్పుకుంటాను, ఎవరు ఏ డైరెక్టరీ చూడాలో, ఎవరు మార్చాలో కట్టడి చేయడంలో అది గట్టిది. కానీ నెట్‌వేర్ 3.12 పెట్టాలంటే 386 ప్రాసెసర్ ఉన్న ఒక మెషీన్‌ను పూర్తిగా సర్వర్‌కే (అందరి ఫైళ్లూ ఉంచి అందించే పనికే) వదిలెయ్యాలి, దాని ముందు కూర్చుని ఇంకో పని చేసుకోలేం. 90ల్లో మా డీటీపీ సెంటర్లో ఉన్నవే నాలుగు పీసీలు. అందులో ఒకటి పక్కన పెడితే పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖల పని సాగేది కాదు. సర్వర్‌కంటూ విడిగా పీసీ అక్కర్లేని, ఆర్టిసాఫ్ట్ వాళ్ల నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ లాన్‌టాస్టిక్ మాకు అక్కడే అక్కరకొచ్చింది. లేజర్ ప్రింటర్ ఉన్న పీసీలో కంపోజింగ్ నడుస్తూనే ఉండేది, పక్క పీసీ నుంచి ఫైలూ వచ్చిపడేది. తర్వాత విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ 3.11కి మారాం. ఫైళ్లు పంచుకునే సదుపాయం అందులోనే ఉంది, విడిగా కొనక్కర్లేదు. నిజానికి సాఫ్ట్‌వేర్ ఏదైనా మమ్మల్ని ఏడిపించింది పీసీలన్నిటినీ వరసగా కలిపే కోయాక్స్ కేబులే. దాని రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపే మూత) ఉండాలి. పొద్దున్నే ఊడుస్తుంటే చీపురు తగిలి ఒకటి వదులైందంటే చాలు, నాలుగు పీసీలూ ఒకదానికొకటి కనబడేవి కావు. టేబుళ్ల కింద దూరి పీసీని కేబుల్‌కి తగిలించే ఒక్కో టీ కనెక్టరూ నొక్కి చూసుకుంటూ వెళ్లేవాణ్ణి. ఇప్పుడు పాత డాస్ పీసీ బయటికి తీసేవాళ్లు మాత్రం వీటిలో దేని జోలికీ పోనక్కర్లేదు. నెట్‌వర్క్ కార్డుకి ప్యాకెట్ డ్రైవర్ (డాస్‌లో ఆ కార్డును నడిపే చిన్న ప్రోగ్రాం) దొరికితే, డాస్ కోసం రాసిన ఎంటీసీపీ అనే నెట్‌వర్క్ ప్రోగ్రాంల కట్టలోని ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే ప్రోగ్రాం)తో కొత్త కంప్యూటర్‌కి నేరుగా ఫైళ్లు పంపుకోవచ్చు.