సవరణ: గ్యాస్ మందులన్నీ పరగడుపున కాదు

గ్యాస్ మాత్ర పరగడుపునే వేసుకోవాలని కిందటి పోస్టులో ఉంది. అది పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ రకానికి సంబంధించిన మాట. మన ఇళ్లలో డైజీన్‌నీ, ఈనోనీ, పాన్-40నీ ఒకే గాటన కట్టి గ్యాస్ మందు అనేస్తాం కాబట్టి ఈ వివరణ.

పాన్-40లో ఉండే పాంటోప్రజోల్ కడుపులో అప్పటికే ఉన్న యాసిడ్‌ను ఏమీ చేయదు. దాన్ని తయారుచేసే కణాల్లోని పంపులను ఆపుతుంది. తిండి పడ్డప్పుడే ఆ పంపులు జోరుగా పనిచేస్తాయి, ఆ వేళకు మందు రక్తంలో ఉండాలి. అందుకే టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. పూర్తి ఫలితానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. బిర్యానీ తిన్నాక మంట పుట్టిందని అప్పుడొకటి మింగితే వెంటనే తగ్గదు. ఆ మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. పైపూత పోతే యాసిడ్‌లోనే పాడవుతుంది.

డైజీన్ లాంటి యాంటాసిడ్ జెల్ వేరు. ఉన్న యాసిడ్‌నే విరిచేస్తుంది, నిమిషాల్లో హాయినిస్తుంది. తిన్న గంటకు తాగితే ఎక్కువసేపు పనిచేస్తుంది. థైరాయిడ్ మాత్రకూ దీనికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఈనోలో సోడియం ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లకు రోజూ తగదు.

పాన్-డిలో పాంటోప్రజోల్‌తో పాటు ఇంకో మందు ఉంటుంది. ఆ ‘డి’ డోంపెరిడోన్, అంటే వాంతులు, వికారం తగ్గించే మందు. కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. ఉత్త మంటకు దాన్ని అలవాటుగా కొనేయడం నాకైతే నచ్చదు.

ఛాతీ నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, చెయ్యి లాగడం ఉంటే గ్యాస్ అనుకుని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.