కూల్‌డ్రింకూ కాలేయమూ

నెల్లూరు మలైకాజానో ఒంగోలు మైసూరుపాకునో మానేయమని మేం అనడం లేదు. పండక్కి తినే మిఠాయి మీద నెపం వేసి, రోజూ తాగే చక్కెరను వదిలేస్తున్నామన్నదే మా బాధ. ఎండలు ముదిరితే కావలి నుంచి మార్కాపురం దాకా ప్రతి బడ్డీకొట్లోనూ కూల్‌డ్రింకు సీసాలే. బడిపిల్లలకీ, కూలికి పోయేవాళ్లకీ అవే మంచినీళ్లయిపోయాయి.

250 మిల్లీలీటర్ల కోలాలో చక్కెర సుమారు 26 గ్రాములు. రోజంతా కలిపి 25 గ్రాములకు మించకపోతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇక పొద్దుటి టీల సంగతి సరేసరి.

చక్కెరలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజును ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజు మాత్రం చాలావరకు లివర్ మీదే పడుతుంది. మోతాదు మించితే లివర్ దాన్ని కొవ్వుగా మారుస్తుంది, అందులో కొంత తనలోనే పేరుకుపోతుంది. మందు చుక్క ముట్టనివాళ్ల స్కానింగులోనూ ‘ఫ్యాటీ లివర్’ అని రావడానికి ఇదొక కారణం. తప్పంతా చక్కెరదే కాదు. ఊబకాయం, షుగరు జబ్బు, ఒళ్లు వంచని బతుకు, పళ్లెం నిండా అన్నం కూడా ఉన్నాయి. ఈ జబ్బుకు నొప్పి ఉండదు కనుక ఏళ్ల తరబడి బయటపడదు. కొందరిలో లివర్‌కు వాపు, మచ్చలు, చివరికి సిరోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోవడం. ముందే కనిపెట్టి 7 నుంచి 10 శాతం బరువు తగ్గితే చాలామందిలో లివర్ కోలుకుంటుంది. బెల్లమైతే ఫర్వాలేదంటారు కొందరు. అందులోనూ ఎక్కువ భాగం ఆ చక్కెరే!

కేంద్రం 2021లోనే ఫ్యాటీ లివర్‌ను అసాంక్రమిక వ్యాధుల (ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బుల) కార్యక్రమంలో చేర్చింది. ఊళ్లో బీపీ, షుగరు చూసే సిబ్బంది నడుం కొలత కూడా తీసుకుని, అనుమానం ఉన్నవాళ్లను పెద్దాసుపత్రికి పంపాలి. ఏ తినుబండారంలో ఎంత చక్కెరుందో చెప్పే బోర్డులు పెట్టమని సీబీఎస్ఈ 2025లో తన బడులను ఆదేశించింది. రాష్ట్ర బోర్డు బడులకు అది వర్తించదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో మన విద్యాశాఖే పెట్టించవచ్చు. అయ్యే ఖర్చు సున్నం, రంగు. కూల్‌డ్రింకుల మీద పన్ను పెరిగి వాడకం తగ్గుతుందని ఆశ పెట్టుకోనక్కర్లేదు: 2025 సెప్టెంబరు నాటి 40 శాతం జీఎస్టీ, పాత 28 శాతానికి 12 శాతం సెస్సు కలిపితే వచ్చేదే.

నిమ్మకు పేరుపడ్డ పొదలకూరులోనూ నిమ్మరుచి రంగునీళ్లు సీసాల్లో కొంటున్నాం. పంచాయతీలు వేసవి చలివేంద్రాల్లో మజ్జిగతో పాటు చక్కెర లేని నిమ్మనీళ్లు కూడా పోయాలి, కాయలు నేరుగా రైతు దగ్గరే కొనాలి.