రోడ్డు మీదికెళ్లి కాల్చుకో సార్జెంటూ

అమెరికా ప్రభుత్వానికి తన సైనికుల ఊపిరితిత్తుల మీద ఉన్న శ్రద్ధ ఈనాటిది కాదు. వందేళ్లుగా వాటిని కంటికి రెప్పలా చూసుకుంటోంది. మాజీ సైనికుల వ్యవహారాల శాఖను అక్కడ అందరూ వీఏ అంటారు. 2019 అక్టోబర్ 1 నుంచి ఆ శాఖ ఆస్పత్రుల ఆవరణలో సిగరెట్, చుట్ట, పైపు, చివరికి వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్ కూడా నిషేధం. రోగి, చూడటానికొచ్చిన చుట్టం, కాంట్రాక్టరు, ఎవరూ లోపల ముట్టించకూడదు. ఉద్యోగులకు మాత్రం 2020 జనవరి దాకా గడువు దొరికింది. ఆ మూడు నెలలూ ఉద్యోగి వదిలే పొగ ఎవరికీ హాని చేయదని శాఖ వారికి ముందే తెలిసి ఉండాలి.

నిషేధం సబబే. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి పక్కన అగ్గిపుల్ల గీయకూడదని చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు. నేను ముచ్చటపడుతున్నది ప్రభుత్వం వారి జ్ఞాపకశక్తికి.

మొదటి ప్రపంచ యుద్ధం నాడే, 1918లో, పొగాకు అమెరికన్ సైనికుడి రేషన్‌లో చేరింది. రెండో యుద్ధంలో సైనికుడి పూట భోజనం, కె-రేషన్ పెట్టె విప్పితే బిస్కెట్లు, డబ్బా మాంసంతో పాటు సిగరెట్లు, అగ్గిపుల్లలు ఉండేవి. వియత్నాంలోనూ డబ్బా భోజనంతో నాలుగు సిగరెట్ల బుల్లి పెట్టె వచ్చేది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఎటు నుంచి గుండు వస్తుందో తెలియని అడవి, ఊరికే వచ్చిన సిగరెట్. "పది నిమిషాలు విశ్రాంతి, కాల్చుకునేవాళ్లు కాల్చుకోండి" అని పైనుంచే అనుమతి. ఇంత చక్కటి శిక్షణ ఇంకే కంపెనీ ఇవ్వగలదు?

1964 జనవరిలో సర్జన్ జనరల్, అంటే ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి, నివేదిక వచ్చింది, పొగ తాగితే ఊపిరితిత్తుల కాన్సర్ వస్తుందని. సైన్యం దాన్ని ఎంత శ్రద్ధగా చదివిందంటే, రేషన్‌లోంచి సిగరెట్లు తీసేసేసరికి 1975 వచ్చింది. అప్పటికి వియత్నాం యుద్ధమే అయిపోయింది. ప్రతి పేజీ రెండుసార్లు చదివి ఉంటారు.

తర్వాత ఆ కుర్రాళ్లు నెరిసిన జుట్టుతో, ఆగని దగ్గుతో వీఏ ఆస్పత్రులకు చేరారు. వాళ్లను చూసి కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, గుండె కరిగింది. 1992లో చట్టం చేసింది: ప్రతి వీఏ ఆస్పత్రీ రోగులు పొగ తాగడానికి చోటు చూపించాలి. లోపలైతే పొగ పక్క గదుల్లోకి పోని ఏర్పాటుండాలి. విడిగా కడితే అందులో హీటింగూ, ఏసీ కూడా ఉండాలి. ఊపిరాడని మనిషి చలికి వణుకుతూ సిగరెట్ కాల్చడం చూడలేకపోయారు పాపం.

వేప్‌కూ ఇలాగే ఒక ఆప్తుడు దొరికాడు. ఇరాక్, అఫ్ఘానిస్థాన్‌లలో పనిచేసిన మాజీ మెరైన్ సైనికుడు, అప్పట్లో కాంగ్రెస్‌లో కాలిఫోర్నియా ప్రతినిధి డంకన్ హంటర్. 2014లో ఓడల మీద, స్థావరాల్లో పొగాకు అమ్మకం ఆపుదామా అని నౌకాదళం ఆలోచిస్తే అడ్డుపడ్డారు. 2016లో విమానాల్లో వేపింగ్ నిషేధం మీద కమిటీ చర్చిస్తుంటే, అక్కడే కూర్చుని ఒక దమ్ము లాగి, తెల్లటి మేఘం వదిలారు. సిగరెట్ మానడానికి ఇదే సాయపడిందన్నారు. సభలో వాదనకు ఇంత కళ్లకు కట్టే సాక్ష్యం అరుదు.

మనం పళ్లికిలించడానికేం లేదు లెండి. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టి వేలం నడిపించేదీ, పెట్టె మీద కాన్సర్ బొమ్మ వేయించేదీ ఒకే ఢిల్లీ సర్కారు.

అసలు కథ 1998లో ఉంది. సైన్యంలో పొగ అలవాటై, దానివల్ల జబ్బు చేస్తే పరిహారం అడగొచ్చని అంతకు ముందు వీఏ న్యాయ సలహాదారే అభిప్రాయం చెప్పారు. దరఖాస్తులు మొదలయ్యాయి. లెక్క వేస్తే వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. అంతే, సిగరెట్ పంచిన చెయ్యి వెనక్కి పోయింది. 1998 జూన్ 9 తర్వాత వచ్చిన దరఖాస్తులకు, సైన్యంలో పొగ తాగడం ఒక్కటే కారణమైతే పరిహారం లేదు. అదే ఊపిరితిత్తుల కాన్సర్ వియత్నాంలో అడవుల ఆకులు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే రసాయనం ఖాతాలో పడితే ఇస్తారు. అంటే ప్రభుత్వం చెట్ల మీద చల్లింది ప్రభుత్వం తప్పు, భోజనంతో కలిపి చేతికిచ్చింది సైనికుడి సరదా. పిల్లను గిల్లిన చేతిని ఉయ్యాల ఊపేటప్పుడు ఎవరు చూస్తారు?

ఈ కోత ఏ చట్టంలో చేరిందో తెలుసా? ఆరోగ్యం చట్టంలో కాదు, హైవేల చట్టంలో. మిగిలిన సొమ్ము రోడ్ల ఖర్చుకు ఆసరా అయింది.

ఇప్పుడు వీఏ గేటు దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న ముసలి సార్జెంటును "లోపల కుదరదు, రోడ్డు మీదికెళ్లి కాల్చుకోండి" అంటున్నారు. నికోటిన్ ప్యాచ్, మాత్రలు, మాన్పించే సలహాలు లోపల దొరుకుతాయి, వాడుకుంటే మంచిదే. మానలేనివాడు మాత్రం నిరభ్యంతరంగా రోడ్డెక్కొచ్చు. అందులో అతనికి వాటా ఉంది. ఎంత వాటానో అడిగితే, అది మా శాఖ కాదు, హైవేల వాళ్లను కలవండి అంటారు.