రాబందులను చంపింది సెల్‌టవర్లు కాదు

"సెల్‌టవర్లు వచ్చాక రాబందులు పోయాయి. పైగా వాటికి తినడానికి కళేబరాలు దొరకడం లేదు. పశువుల మందు సంగతంటారా, దాన్ని 2006లోనే ఆపేశారు. జూల్లో పిల్లల్ని చేసి వదిలితే మళ్లీ వస్తాయి." ఈ సందేశం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఇందులో ఉన్నవి నాలుగు మాటలు, నాలుగూ తప్పుదారి పట్టించేవే.

ముందు టవర్ల సంగతి. మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. తర్వాత కొన్నేళ్లు ఆ సేవ ప్రధానంగా నగరాలదే. భరత్‌పూర్‌లోని కేవలదేవ్ పార్కులో రాబందులు తగ్గిపోతున్నాయని పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించింది కూడా ఆ తొంభైల్లోనే. టవరే లేని పల్లెల్లో సైతం అవి రాలిపోయాయి. 1992 నుంచి 2007లోపు తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గాయి. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం పోయాయి.

అసలు కారణం 2004లో బయటపడింది. పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూస్తే లోపలి అవయవాల మీద సుద్ద పూసినట్టు యూరిక్ ఆమ్లం పేరుకుని ఉంది. కిడ్నీలు పాడైతేనే అలా అవుతుంది. అలా చచ్చిన 25 పక్షుల్లోనూ డైక్లోఫెనాక్ ఆనవాళ్లు దొరికాయి. ఆ లక్షణం లేని 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేవు. పశువుకు నొప్పి, జ్వరం తగ్గించడానికి వేసే మందు అది. సూది వేసిన రెండు మూడు రోజుల్లో పశువు చస్తే, ఆ మాంసం తిన్న రాబందు కొద్ది రోజుల్లోనే పోతుంది. వంద కళేబరాల్లో ఒక్కటి కూడా విషపూరితం కానక్కర్లేదు, అంతకంటే తక్కువ ఉన్నా ఈ స్థాయి పతనానికి చాలని లెక్క తేలింది. ఒక కళేబరం మీద పదుల సంఖ్యలో వాలే పక్షులు కదా.

తిండి కరువన్నది నిలబడదు. రాబందులు పోయాక ఊరవతల కళేబరాలు కుళ్లుతూ పడి ఉన్నాయి, వాటి మీద బతికే కుక్కలు పెరిగాయి. కరువైతే కళేబరాలు మిగలవు.

ఇక నిషేధం. 2006లో ఆపింది పశువుల డైక్లోఫెనాక్‌ను మాత్రమే. మనుషుల కోసం తయారైన 30 మిల్లీలీటర్ల సీసాలు ఆ తర్వాతా పశువుల కొట్టాల్లోకి వస్తూనే ఉండేవి. అందుకే 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్ల ఒకే మోతాదుకు పరిమితం చేశారు. పెద్ద పశువుకు అలాంటివి నాలుగైదైనా పగలగొట్టాలి, ఖర్చూ శ్రమా పెరుగుతాయి. ఆలోచన మంచిదే. కానీ డైక్లోఫెనాక్‌కు బదులుగా వాడిన ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రోఫెన్ అనే మరో నొప్పి మందు కూడా రాబందులకు విషమే. ఈ రెండింటినీ 2023లో గానీ పశువులకు నిషేధించలేదు. ఒక మందు పోతే ఇంకొకటి అదే చోటికి వస్తుంది, జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

రాబందులకు హాని చేయనివిగా పరీక్షల్లో నిలిచిన నొప్పి మందులు మెలాక్సికామ్, టాల్ఫెనమిక్ యాసిడ్. పశువుకు మెలాక్సికామ్ మోతాదు కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాములు. అంటే 300 కిలోల ఆవుకు 150 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందైతే 30 మిల్లీలీటర్లు. డాక్టరు రాసిన చీటీలో, సీసా మీద చిన్న అక్షరాల్లో మందు పేరు చూడాలి, కంపెనీ పెట్టిన పేరు కాదు. వేరే నొప్పి మందు వేసిన పశువు ఆ వారంలో చస్తే బయట పారేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యిలో పాతిపెట్టాలి.

జూల్లో పెంచి వదలడమా? హర్యానాలోని పింజోర్ కేంద్రం ఆ పని శ్రద్ధగా చేస్తోంది. అయితే రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు, అదీ దాదాపు ఐదేళ్ల వయసు వచ్చాక. మొదటి గుడ్డు తీసి ఇంక్యుబేటర్‌లో పొదిగిస్తే జంట రెండోది పెట్టడమూ ఉంది, అయినా వేగం అంతే. ఇంత కష్టపడి పెంచిన పక్షిని వదిలిన చోట, చుట్టుపక్కల మందుల దుకాణాల్లో ఏం అమ్ముతున్నారో ముందే తనిఖీ చేయకపోతే, అది తినే తొలి కళేబరమే ఆఖరిది కావచ్చు.